శ్రీ జి. డి. నాయుడుగారి జీవితము

మహనీయుల చరిత్రములు అనగానే మనకు రాజులును, కవులును, దేశనాయకులును ముందుగా స్ఫురింతురు. నూనె మరకలు పడిన బట్టలతో, చేత స్పానరుతో, యంత్రముల నడుమ జీవితమును గడపినవారి చరిత్రములు మన బాలబాలికలకు అంతగా తెలియవు. ఈ కొఱతను కొంతవఱకైనను తీర్పదలచి, తమిళదేశమున తెలుగు కుటుంబములో జన్మించి, మోటారుబండ్ల విషయమునను విద్యుద్యంత్రముల విషయమునను మిక్కిలి పేరు గాంచిన శ్రీ జి. డి. నాయుడుగారి జీవితమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము. వారు గతించి ఏబది సంవత్సరములు దాటినది. అయినను గడచిన వర్షకాలమున మన మనూరు త్రోవలో మాకు కలిగిన యొక అనుభవము వారి జీవితములోని సారమును మాకు క్రొత్తగా బోధించినది. ఆ సంగతియు తగిన చోట చెప్పెదము.

నాయుడుగారి పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. వీరు 1893 వ సంవత్సరము మార్చి 23 వ తేదీన కోయంబత్తూరు సమీపమునగల కలంగల్ అను గ్రామమున కృషీవలుల యింట జన్మించిరి. విజయనగర ప్రభువుల కాలము మొదలు దక్షిణమునకు పోయి స్థిరపడిన తెలుగువారు ఆ ప్రాంతమున పెక్కుమంది కలరు. తరములు గడచినను వారు ఇంట తెలుగు పలుకుట మానలేదు. బాలుడైన దొరస్వామికి చదువుపై శ్రద్ధ తక్కువ, అల్లరి యెక్కువ. బడిలో ఉపాధ్యాయునిమీద ఇసుక చల్లి పారిపోయెనని గూడ చెప్పుదురు. ఏమైనను, ప్రాథమిక తరగతులతోనే అతని పాఠశాల చదువు ముగిసెను. పిమ్మట అతడు తండ్రి పొలములో పనిచేయుచు, చేతికి చిక్కిన పుస్తకములను తనంత తానే చదువుకొనుచుండెను.

ఒకనాడు ఒక ఇంగ్లీషు అధికారి మోటారుసైకిలుపై ఆ గ్రామమునకు వచ్చెను. ఎద్దులును గుఱ్ఱమును లేకుండ బండి తనంత తాను పరుగెత్తుట చూచి యువకుడైన దొరస్వామి ఆశ్చర్యమగ్నుడయ్యెను. చూచినవారందఱును ఆశ్చర్యపడిరి, కాని ఇంటికి పోయి మఱచిపోయిరి. ఇతడు మాత్రము మఱవలేదు. అటువంటి బండిని సంపాదింపవలెనని నిశ్చయించుకొని, ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డించు పనికి కుదిరెను. కూలి డబ్బులలో పైసకు పైస కూడబెట్టి, కొన్ని సంవత్సరములకు రడ్జి అను ఇంగ్లీషు మోటారుసైకిలు నొకదానిని కొనెను.

అంత కష్టపడి కొన్న బండిపై ఎవరైనను ముందు ఊరేగుదురు. దొరస్వామి దానిని మొదట ఊడదీసెను. మరలు, చక్రములు, గొట్టములు ఒక్కొక్కటిగా విప్పి నేలపై పఱచి, ఏ భాగము ఏ పని చేయుచున్నదో, ఏది లేనియెడల ఏది ఆగిపోవునో పరిశీలించి, మఱల యథాప్రకారముగా అమర్చెను. గురువు లేడు, ప్రయోగశాల లేదు. ఆ బండియే అతనికి పాఠశాల యయ్యెను. అతని తరువాతి జీవితమంతయు ఈ యొక్క అభ్యాసమునుండి పుట్టినదే యని మేము తలంచుచున్నాము.

ఇట్లు విడదీసి శోధించుటవలన కలుగు ప్రయోజనము మాకెట్లు తెలిసినదో ఇక చెప్పెదము. మా మిత్రులొకరికి పాత అంబాసిడరు కారు కలదు. ఒకనాటి సాయంకాలము నారాయణఖేడునుండి దానిలో మనూరునకు వచ్చుచుంటిమి. చీకటి పడెను, సన్నని వాన కురియుచుండెను. కారు ఎడమ దీపము నిప్పుకణమువలె ఎఱ్ఱగా, మందముగా వెలుగుచుండెను. ట్యూషను ముగించుకొని సైకిళ్లపై ఇంటికి పోవుచున్న ఇద్దఱు బాలురు త్రోవ ఎడమ అంచున ఉండిరి. వారు మాకు కనబడునప్పటికి కారు వారిమీదికి పోవుచునే యుండెను. మిత్రుడు వెంటనే కుడివైపునకు త్రిప్పుటచే ప్రమాదము తప్పినది. ఆ బాలుర ముఖములు ఇప్పటికిని మా కన్నులయెదుట నిలిచియున్నవి.

ఆ దీపమునకు చికిత్స జరుగలేదని కాదు. అంతకుముందే ఒక దుకాణమువారు రెండు మారులు బల్బు మార్చి సొమ్ము పుచ్చుకొనియుండిరి. మఱునాడు కారును ఒక వృద్ధుడైన మెకానికు కడకు గొంపోయితిమి. ఆయన వెంటనే పానా పట్టలేదు. ముందు హారను మ్రోగించి చూచెను, బాగుగా మ్రోగినది. కుడి దీపము తెల్లగా వెలుగుచున్నది. కావున బ్యాటరీ మంచిదే, రెండు దీపములకును ఉమ్మడియైన స్విచ్చియు మంచిదే. దోషము ఎడమ దీపమునకు చీలిన శాఖలోనే యున్నదని తేలినది. పిదప కుడి బల్బును ఎడమకును, ఎడమ బల్బును కుడికిని మార్చెను. మందత్వము బల్బుతో కూడ పోలేదు, ఎడమవైపుననే నిలిచినది. కావున బల్బు నిర్దోషి.

ఇక మిగిలినవి రెండు త్రోవలు. విద్యుత్తు దీపమునకు వచ్చు త్రోవ యొకటి, దీపమునుండి మఱల బ్యాటరీకి పోవు త్రోవ యొకటి. వచ్చు త్రోవకు తీగ కలదు. పోవు త్రోవకు చాలవఱకు కారుయొక్క ఇనుపదేహమే ఆధారము. దీనినే ఎర్తు అందురు. ఆయన దీపము వెలుగుచుండగనే, ఒక తీగయొక్క యొక కొనను దీపపు ఎర్తు తీగకును, రెండవ కొనను బ్యాటరీయొక్క ఎర్తు కొనకును తాకించెను. తోడనే దీపము కుడిదానితో సమముగా ప్రకాశించెను. ఎర్తు తీగను దేహమునకు బిగించిన స్క్రూ క్రింద త్రుప్పు పేరుకొనియున్నది. దానిని ఎమరీ కాగితముతో గీసి, ఇనుము మెఱయువఱకు శుభ్రపఱచి, మఱల బిగించెను. పని ముగిసినది. దోషము త్రుప్పులో నున్నప్పుడు బల్బు ఎన్ని మారులు మార్చిన నేమి లాభము?

గణితముపై ఆసక్తిగల విద్యార్థులకు ఇచ్చట నొక మాట. 12 వోల్టుల బ్యాటరీపై 60 వాట్ల బల్బు 5 ఆంపియర్ల విద్యుత్తును పుచ్చుకొనును. త్రుప్పువలన 0.24 ఓముల అడ్డు కలిగినచో, అచ్చటనే సుమారు 1.2 వోల్టులు వృథాయగును. అనగా బల్బునకు అందవలసిన ఒత్తిడిలో పదియవ వంతు తగ్గును. కాని వెలుతురు పదియవ వంతు మాత్రమే తగ్గదు. ఇంచుమించు పదింట మూడు వంతులు తగ్గిపోవును. త్రుప్పు పెరిగినకొలదియు చీకటి అంతకంటె వేగముగా పెరుగును. మఱియు ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నచో, తీగపై పొర అరిగి ఎచ్చటనో ఇనుమునకు తగులుచున్నదని గ్రహింపవలెను. తగులుచోటు వెదకక మోటు ఫ్యూజు వేయువాడు తీగను కాల్చుకొనును; ఒక్కొకప్పుడు బండినే కాల్చుకొనును.

ఇక నాయుడుగారి చరిత్రమునకు వత్తము. మోటారుసైకిలు తరువాత వీరు ప్రత్తి వ్యాపారమునకు దిగిరి. మొదట లాభము కలిగినను, బొంబాయిలో నష్టము వచ్చి చేతిలోనిది పోగొట్టుకొనిరి. అయినను ధైర్యము విడువక, కోయంబత్తూరులోని స్టేన్సు దొరగారి సాయమున 1920 వ సంవత్సరమున ఒక బస్సు సంపాదించి, పొల్లాచ్చినుండి పళనికి తామే నడపిరి. మోటారుబండ్లకు విద్యుద్దీపములు అప్పటికింకను క్రొత్తవే. 1912 వ సంవత్సరమున అమెరికాలో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరును దీపములును కలిపి అమర్చిరి. అంతకుముందు కార్బైడు దీపములే పెక్కు బండ్లకు గతి. అటువంటి కాలమున బండి బాగోగులు తెలియనివాడు త్రోవలో నిలిచిపోవలసినదే. నాయుడుగారికి తమ బండిలోని ప్రతి మరయు తెలియును. ఒక్క బస్సు పెక్కు బస్సులయ్యెను. వారి యూనివర్సల్ మోటారు సర్వీసు కాలనియమమునకును నైపుణ్యమునకును దేశమున పేరు వడసెను. మన ప్రాంతమున నిజాము రైల్వేవారు 1932 వ సంవత్సరము జూన్ మాసమున 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. అంతకు పండ్రెండేండ్లకు ముందే కోయంబత్తూరు సీమలో ఈ యొక్క మనుష్యుడు ఆ పని మొదలిడినాడని మనము గమనింపవలెను.

బస్సులతో వారికి తృప్తి కలుగలేదు. విదేశములకు పోయి అచ్చటి కర్మాగారములను చూచివచ్చిరి. 1937 వ సంవత్సరమున డి. బాలసుందరము నాయుడుగారితో కలిసి స్వదేశమున విద్యుత్ మోటారును నిర్మించిరి. తరువాత కోయంబత్తూరు సీమ మోటార్లకును పంపులకును ఆటపట్టయినది. మన రైతుల బావులలో నీరు తోడు పంపులు ఎన్నియో అచ్చటివే. పొడి బ్యాటరీలతో నడచు క్షౌరయంత్రము, పండ్లరసము తీయు యంత్రము, కిరోసిన్‌తో తిరుగు పంకా మున్నగునవి గూడ వారు కల్పించిరి. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై పరిశోధనలు చేసిరి. వారి పొలమును చూడవచ్చినవారిలో సర్ సి. వి. రామన్ గారును, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారును కలరు.

తలపెట్టిన వెల్ల ఫలించెనని చెప్పరాదు. 1952 వ సంవత్సరమున ఇద్దఱు కూర్చుండదగిన చిన్న కారు నొకదానిని 2,000 రూపాయలకే అమ్మదగినట్లు నిర్మించిరి గాని, ప్రభుత్వపు లైసెన్సు దొరకక ఆ పని నిలిచిపోయెను. ఇట్టి ఆశాభంగములు వారికి పెక్కు కలిగెను. అయినను వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు.

వారి జీవితములో మన పాఠశాలకు ముఖ్యమైన భాగము విద్యకు సంబంధించినది. 1944 వ సంవత్సరమున మోటారు వ్యాపారమునుండి విరమించి, పరిశోధన చేయు విద్యార్థులకు వేతనములును, పనివారికి సహాయములును ఏర్పఱచిరి. 1945 వ సంవత్సరమున వారి ప్రయత్నమున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ గారి పేరిట కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల నెలకొనెను. ప్రాథమిక విద్యతో ఆగినవాడు కళాశాలకు ప్రిన్సిపాలైన వింత అచ్చట జరిగెను. ఇంజనీరింగునకు నాలుగేండ్లు అక్కఱలేదనియు, చేతిపనితో కూడినచో రెండేండ్లే చాలుననియు వారు వాదించిరి. అధికారులు అంగీకరింపనందున పదవిని విడిచిరి. వారి లెక్క సరియో కాదో పండితులు నిర్ణయింతురు గాక. పుస్తకమునకును పనికిని నడుమనున్న తీగ తెగియున్నదని వారు కనుగొన్న దోషము మాత్రము నిజమైనదే. నేటికిని ఓము సూత్రమును తప్పులేకుండ ఒప్పజెప్పి, ఇంటిలో దీపము ఆరినచో దిక్కులు చూచు విద్యార్థులు మన నడుమ లేరా?

నాయుడుగారు 1974 వ సంవత్సరము జనవరి 4 వ తేదీన కాలధర్మము నొందిరి. కోయంబత్తూరులో వారి పేరిట ప్రదర్శనశాలయు, పలు దేశముల పాత కార్లను భద్రపఱచిన మ్యూజియమును కలవు. అవకాశము కలిగినవారు తప్పక చూడదగును.

ప్రియ విద్యార్థులారా, వీరి చరిత్రము చదివి బడి మానివేయవచ్చునని తలంపకుడు. వారు బడి విడిచిరి గాని నేర్చుకొనుట విడువలేదు. తమకు లభింపని చదువు ఇతరులకు లభింపవలెనని ధనమును శ్రమమును వెచ్చించిరి. మీకు బడియు కలదు, గురువులును కలరు. ఇక కావలసినది, పని చెడినప్పుడు తొందరపడి బల్బు మార్చక, మొదటినుండి త్రోవ పట్టి దోషమున్న చోటు కనుగొను ఓర్పు. తలిదండ్రులకు మా విన్నపము: బాలుడు పాత టార్చిలైటును విప్పినచో కసరకుడు, మఱల బిగింపుమని మాత్రము చెప్పుడు. ఆనాడు వర్షములో సైకిళ్లపై పోవుచున్న ఆ ఇద్దఱు బాలురను తలంచినప్పుడెల్ల, ఒక స్క్రూ క్రింద త్రుప్పును చూడగల కన్ను ఎంత విలువైనదో మాకు తోచుచుండును. అట్టి కన్ను మన పిల్లలకు అలవడుగాక.