శ్రీకృష్ణదేవరాయల యుద్ధనీతి

యుద్ధనీతిని గూర్చి వ్రాసినవారు పలువురు గలరు గాని, సేనలను స్వయముగా నడపి, కోటలను సాధించి, పిదప గంటము బట్టినవారు ఏ దేశమునందైనను మిక్కిలి యరుదు. అట్టివాడొకడు మన తెనుగుభాషకు లభించియుండగా, ఆయన గ్రంథమును మనము కావ్యముగా మాత్రమే చదువుచున్నాము. ఆయన శ్రీకృష్ణదేవరాయలు, ఆ గ్రంథము ఆముక్తమాల్యద. అందు చతుర్థాశ్వాసమున యామునాచార్యుడు కుమారునకు జేయు రాజనీత్యుపదేశము, రాయల జీవితముతో సరిపోల్చి చదివినగాని పూర్తిగా బోధపడదు.

రాయలు 1509లో సింహాసన మెక్కునాటికి రాజ్యము సుస్థిరముగా లేదు. ఉదయగిరి, కొండవీడు గజపతుల వశమున నుండెను. ఉత్తరమున సుల్తానులు, దక్షిణమున ఉమ్మత్తూరు ప్రభువు ఎదిరి నిలిచిరి. రాయలు అందరితో నొక్కమారు తలపడలేదు. తొలుత ఉత్తరపు సేనల నరికట్టి, పిదప ఉమ్మత్తూరు నణచి, ఇల్లు చక్కబరచుకొని, 1513లోగాని తూర్పునకు గదలలేదు. ఉదయగిరి దుర్గము ఏడాదికి పైగా లొంగలేదు. సేన సాగుటకు కొండరాళ్లను పగులగొట్టించి బాటలు వేయించెను. 1514లో ఉదయగిరియు, 1515లో కొండవీడును చేజిక్కెను. 1516లో సింహాచలమున శాసనము వేయించెను.

ఇంత జయించియు గజపతిని నిర్మూలింపదలచక, సంధి చేసికొని, ఆతని కూతును వివాహమాడి, కృష్ణకు ఉత్తరపు భూములను తిరిగి యిచ్చివైచెను. ఇది ఔదార్యము మాత్రమే కాదు, దూరదృష్టియు. తూర్పు శాంతించుటచేతనే 1520లో సర్వబలమును రాయచూరునకు మరలింప గలిగెను. అచ్చట ఆదిల్‌షాహి ఫిరంగుల ధాటికి ముందటి సేన చెదరినపుడు, రాయలు తానే ముందునకు నడచి యుద్ధమును నిలిపెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. కోట పట్టుపడిన పిమ్మట పౌరుల ధనప్రాణములకు అభయ మొసగెను.

ఈ యనుభవమే గ్రంథమునందు నీతియై పరిణమించినది. ఆనాడు మేలుజాతి గుర్రములు సముద్రముమీద వచ్చుచుండెను. కావున రేవులను వృద్ధిచేసి, దూరద్వీపముల వర్తకులను మంచివెల నిచ్చి ఆదరింపవలెననియు, లేనిచో ఆ గుర్రములు శత్రువులకు జేరుననియు రాయలు హెచ్చరించెను. సరిహద్దు నడవులను పెంచవలెను; అచ్చటి వనచరులను మంచిమాటతో జేరదీయవలెను. ఆదాయమును నాలుగు పాళ్లు జేసి, రెండు సేనకును, ఒకటి బొక్కసమునకును, మిగిలినది దానభోగములకును వినియోగింపవలెను.

అయితే సేనకు రెండుపాళ్లు చెల్లవలెనన్న ధనమెచ్చటినుండి వచ్చును? ఈ ప్రశ్నకు రాయలు జెప్పిన జవాబే మన సీమకు మిక్కిలి యక్కరైనది. చెరువులు, కాలువలు త్రవ్వించి, పేదరైతునకు పన్ను తగ్గించినచో రాజ్యము చిన్నదైనను ధనము పెరుగునట. కష్టముచే ఊరు విడిచిపోయిన రైతును వెనుకకు బిలువక, ఆతని పశుధాన్యముల నమ్ముకొను అధికారి యున్న రాజు, సప్తద్వీపముల నేలినను బాగుపడడట. వాన తక్కువైన పెనుకొండ ప్రాంతమున, పేరునందే చెరువును నిలుపుకొన్న కొత్తచెరువువంటి గ్రామములవారికి దీని యర్థము విడమరచి చెప్పనక్కరలేదు. చెరువుగట్టు తెగిన దేశమునకు కోటగోడ రక్ష కానేరదు.

రాయల జీవితమున మచ్చయు లేకపోలేదు. కుమారుని మృతికి కారకుడని శంకించి, తన్ను పెంచి నిలిపిన మంత్రి తిమ్మరుసును చెరబెట్టి కన్నులు తీయించెనని నూనిజ్ వ్రాతవలన దెలియుచున్నది. నీతి నెరిగినవాడును శోకావేశమున దారి తప్పవచ్చును. 1529లో రాయలు గతించెను. 1565లో సుల్తానులు ఏకమై విజయనగరమును కూల్చినప్పుడు, తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా జేసికొనవలసి వచ్చెను. శత్రువుల నొక్కటి కానీయక వేరువేరుగ నెదుర్కొనిన రాయల తెలివి, అప్పటికి ఏలికలయందు కొరవడెను.

నేడు గజబలము లేదు, గిరిదుర్గములు శిథిలములైనవి. కోటలను ఏ వర్ణమువారి కప్పగింపవలెనను మాట కాలముతోడనే పోయినది. కాని వైరులను లెక్కించుట, ఓడినవానికి మానము మిగుల్చుట, సరఫరాల దారులు కాచుట, రైతును నిలుపుట అను నాలుగును ఆయుధములు మారినకొలది మారునవి గావు. వేదము వేంకటరాయశాస్త్రిగారి వ్యాఖ్యతో 1927లోనే యీ గ్రంథము వెలువడినది. పద్యసౌందర్యమునకై దానిని దెరచినవారు రాజనీతి ఘట్టమువద్ద పుటలు త్రిప్పివేయక నిలిచి చదువుదురుగాక! దేశరక్షణము సైనికునిపని మాత్రమే కాదని, నాగలి పట్టినవానికిని అందు పాలున్నదని అప్పుడు తేటపడగలదు.