గాలిసుడులను గుర్తించిన లాంచెస్టరు

కోనసీమలోని అల్లవరము ప్రాంతమున, ఓడలరేవు చెంత, వైనతేయ గోదావరి సముద్రమున కలియుచున్నది. పెద్ద మరపడవ సాగిపోయిన పిదప దాని వెనుక నీరు కొంతసేపు కల్లోలముగా నుండును. వెనుక వచ్చు చిన్న నావను నడపువాడు దూరముగా నిలిచి, నీరు తేరుకొనిన పిమ్మట ముందునకు సాగును. నీటి కలత కంటికి కనబడును. ఆకాశమున విమానము విడిచిపోవు కలత కంటికి కానరాదు. విమానము పుట్టకముందే ఈ విషయమును గూర్చి ఆలోచించి, ఆ గాలిసుడుల స్వరూపమును లోకమునకు తెలిపిన మేధావి ఫ్రెడరిక్ విలియం లాంచెస్టరు.

లాంచెస్టరు 1868 అక్టోబరు 23వ తేదీన లండనులోని లూయిషామునందు జన్మించెను. తండ్రి భవన నిర్మాణ శిల్పి. లాంచెస్టరు సౌతాంప్టనులోను, పిదప లండనులోను శాస్త్రవిద్య నభ్యసించెను. కాని పట్టము పొందకయే చదువు చాలించెను. పట్టము లేకున్నను పనితనమునకు కొదవ లేదు. బర్మింగ్‌హామునందలి గ్యాసు ఇంజనుల కర్మాగారమున చేరి, ఇంజను వేగమును అదుపులో నుంచు సాధనమును కల్పించెను. 1895, 1896 సంవత్సరములలో పెట్రోలుతో నడచు మోటారుబండిని తానే రూపొందించి నడిపెను. లోకులు ఆయనను మోటారుబండ్ల నిర్మాతగానే ఎరుగుదురు. ఆయన మనస్సు మాత్రము ఆకాశమున విహరించుచుండెను.

1892లో ఆయన ఓడపై అమెరికాకు పయనించెను. ఓడ వెంట సముద్రపు కాకులు ఎగురుచుండెను. అవి రెక్కలాడింపకయే గాలిలో తేలిపోవుట లాంచెస్టరును ఆకర్షించెను. ఇతర ప్రయాణికులకు అది వినోదము. ఆయనకు అది సమస్య. బరువుగల పక్షిని గాలి ఎట్లు మోయుచున్నది? ఇంటికి మరలిన పిదప చిన్న నమూనా గ్లైడర్లను చేసి, ఎగురవేసి, వాని గమనమును పరీక్షించెను.

ఆయన కనుగొనిన విషయమిది. ఎగురునపుడు రెక్క క్రింద గాలి ఒత్తిడి హెచ్చుగాను, పైన తక్కువగాను ఉండును. అందుచేత రెక్క కొనల వద్ద క్రింది గాలి పైకి మరలి సుడి తిరుగును. కుడికొన నుండి ఒకటి, ఎడమకొన నుండి ఒకటి, రెండు సుడులు ఎదురెదురు దిశల తిరుగుచు వెనుక బారులు తీరును. బరువును మోయు రెక్క సుడిని విడువక తప్పదు. బరువెంత హెచ్చో సుడి అంత బలము.

1894లో ఆయన బర్మింగ్‌హామునందలి ఒక శాస్త్రసంఘమున పక్షుల విహారమును గూర్చి వ్యాసము చదివెను. దానిని సవరించి 1897లో లండను పండితులకు పంపగా వారు ప్రచురణకు నిరాకరించిరి. మనుష్యుడు యంత్రముతో ఎగురుట ఆనాడు పలువురికి నమ్మరాని మాట. లాంచెస్టరు నిరాశ చెందెనేగాని పరిశోధన మానలేదు. 1903లో రైటు సోదరులు విమానము నెగురవేసిరి. లాంచెస్టరు 1907లోను, 1908లోను రెండు గొప్ప గ్రంథములను వెలువరించెను. 1908లో జర్మనీలోని గోటింగెనుకు వెళ్లి ప్రాంట్లు అను శాస్త్రజ్ఞునితో చర్చించెను. ఒకరి భాష వేరొకరికి రాకున్నను శాస్త్రము వారిని కలిపెను. సుమారు పదేండ్ల పిదప ప్రాంట్లు ఈ భావములకు పరిపూర్ణమైన గణితరూపము నొసగెను. నేడు ఆ సిద్ధాంతము ఇరువురి పేరను వ్యవహరింపబడుచున్నది.

గౌరవములు ఆలస్యముగా వచ్చెను. 1922లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1931లో గుగ్గెన్‌హైము పతకమును ఆయనను వరించెను. కాని ధనము నిలువలేదు. వార్ధక్యమున చూపు మందగించెను. అవయవములు వణకు వ్యాధి సోకెను. 1946 మార్చి 8వ తేదీన ఆయన పరమపదించెను.

ఆయన గతించిన పిమ్మటనే ఆ సుడుల ప్రమాదము లోకమునకు బాగుగా తెలియవచ్చెను. 1970లో మూడు లక్షల కిలోలకు మించిన బోయింగు 747 విమానములు ప్రయాణికులను మోయసాగెను. 1972 మే 30వ తేదీన అమెరికాలోని ఫోర్టు వర్తు వద్ద ఒక పెద్ద విమానము వెనుకనే దిగబోయిన చిన్న జెట్ విమానము సుడిలో చిక్కి బోర్లపడగా అందలి నలుగురును మరణించిరి. అటుపిమ్మట విమానముల నడుమ ఎడమును గూర్చిన నియమములు మరింత కట్టుదిట్టమయ్యెను. అంతర్జాతీయ విభాగము ప్రకారము 1,36,000 కిలోలు, ఆపై బరువుగలవి భారీ విమానములు. దిగునపుడు భారీ విమానము వెనుక మరియొక భారీ విమానము 4 నాటికల్ మైళ్లు, మధ్యరకము 5, తేలికరకము 6 నాటికల్ మైళ్లు ఎడముగా రావలెను. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. విమానముల రాకపోకలను నియంత్రించు అధికారులు గోపురముననో, రాడారు తెర ముందో కూర్చుండి ఈ ఎడమును కాపాడుదురు. ఆ వ్యవధిలో సుడులు క్రిందికి జారి, బలహీనపడి, చెదరిపోవును. ఒక్క నిమిషము ఆలస్యమైనదని ప్రయాణికుడు విసుగు చెందవచ్చును. ఆ నిమిషమే వాని ప్రాణరక్షణ.

పండితులు కాదన్నను లాంచెస్టరు తాను నమ్మిన సత్యమును విడువలేదు. కంటికి కానరాని గాలిని ఓర్పుతో పరిశీలించిన ఆయన జ్ఞానము నేడు కోట్లాది ప్రయాణికులకు అండయై నిలిచియున్నది. సత్యమును శోధించువానికి కావలసినవి పట్టములు కావు. సూక్ష్మదృష్టియు, చెదరని పట్టుదలయు.