కంచి సీమ తర్కదీపం దిఙ్నాగాచార్యుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: కంచి పేరు చెప్పగానే ఈ ప్రాంతవాసులకు కామాక్షి అమ్మవారు, వరదరాజస్వామి, పెళ్లి పట్టుచీరలు గుర్తుకొస్తాయి. ఒకనాడు అదే కంచి బౌద్ధ విద్యకూ పెట్టింది పేరు. చిత్తూరు సీమ తూర్పు భాగం కూడా కలిసి ఉన్న నాటి తొండైమండలంలో, సుమారు 1,500 ఏళ్ల కిందట జన్మించిన బౌద్ధ భిక్షువు దిఙ్నాగుడు భారతీయ తర్కశాస్త్ర గతినే మార్చివేశారు. ఆయన క్రీ.శ. 480-540 ప్రాంతంలో జీవించారని పండితుల అంచనా.

గురువు మాటకూ పరీక్షే

టిబెట్ చరిత్రకారుల కథనం ప్రకారం దిఙ్నాగుడు కంచి సమీపంలోని సింహవక్త్రంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. నాగదత్తుడనే గురువు వద్ద భిక్షువయ్యారు. మాటలకందని ఆత్మ ఒకటి ఉందని, దానిని వెదకమని గురువు బోధించారు. శిష్యుడు పగలు కిటికీలన్నీ తెరిచి, రాత్రి చుట్టూ దీపాలు వెలిగించి, వస్త్రాలు విడిచి ఒళ్లంతా వెదుక్కున్నాడట. ఎంత వెదికినా ఏమీ కనిపించలేదని విన్నవించగా, తన సిద్ధాంతాన్నే ఆక్షేపిస్తున్నాడని గ్రహించిన గురువు ఆయనను పంపివేశారు. అనంతరం ఆయన వసుబంధుని ఆశ్రయించారని, నలందలో వాదాలు గెలిచారని ఆ గ్రంథాలు చెబుతున్నాయి.

రెండే ప్రమాణాలు

ఆరు అధ్యాయాల ‘ప్రమాణసముచ్చయం’ ఆయన ప్రధాన కృతి. జ్ఞానానికి ప్రత్యక్షం, అనుమానం అనే రెండే ఆధారాలని అందులో ప్రతిపాదించారు. శాస్త్రవాక్యమైనా అనుమానం పరిధిలోకే వస్తుందన్నది ఆయన మతం. కొండపై పొగను చూసి నిప్పుందని నిర్ణయించాలంటే మూడు నియమాలు కుదరాలి. పొగ ఆ కొండపై ఉండాలి. వంటిల్లు వంటి నిప్పున్న చోట కనిపించాలి. చెరువు వంటి నిప్పులేని చోట ఎక్కడా కనిపించరాదు. ఈ నియమాలతో వాదానికి కొలబద్ద ఏర్పడింది. ఉద్యోతకరుడు, కుమారిలభట్టు వంటి ప్రతివాదులు ఆయనను ఖండించడానికే ఎంతో శ్రమించారు. ధర్మకీర్తి ఆ బాటనే విస్తరించారు.

తెలుగునేలతో బంధం

ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, వేంగి నగరానికి చేరువలోని ఒంటరి కొండపై దిఙ్నాగుడు హేతుశాస్త్రం రచించిన చోట స్తూపం ఉందని నమోదు చేశారు. తెలుగువాడైన కోలాచల మల్లినాథసూరి ‘మేఘసందేశం’ వ్యాఖ్యానంలో కాళిదాసు దిఙ్నాగుని దెప్పిపొడిచాడని ఊహించారు. ఈ ఊహను ఆధునిక పండితులు పలువురు అంగీకరించరు.

చెరిపినా చెరగని రాత

గుహ గోడపై ఆయన రాసిన తొలి శ్లోకాన్ని కృష్ణముని అనే ప్రతివాది పదేపదే చెరిపేశాడని, విసిగి రచన మానబోగా మంజుశ్రీ బోధిసత్త్వుడు వారించాడని ఐతిహ్యం. నిజజీవితంలోనూ ఆ గ్రంథానికి అలాంటి గతే పట్టింది. సంస్కృత మూలం మన దేశంలో అంతరించింది. టిబెట్ అనువాదాలు మాత్రం నిలిచాయి. జినేంద్రబుద్ధి రాసిన వ్యాఖ్య సంస్కృత ప్రతి టిబెట్‌లో లభించడంతో, దాని తొలి అధ్యాయం 2005లో ముద్రణకు నోచుకుంది. ఆ వ్యాఖ్యలోని పదాలను ఏరి కూర్చుతూ పండితులు మూలశ్లోకాలను పునరుద్ధరించే పనికి పూనుకున్నారు.