ఇందూరు కోటలో దాశరథి

నిజామాబాదు పట్టణవాసులలో ఖిల్లా నెరుగనివారుండరు. గుట్టమీద రఘునాథాలయమును, దానిచుట్టు బురుజులతో కూడిన పాత ప్రాకారమును కలవు. పండుగదినములందు భక్తులును, సెలవుదినములందు బాలురును ఆ మెట్లెక్కుచుందురు. ఆ కోటలోనే నిజాము ప్రభుత్వమువారు చెరసాల నేర్పరచి యుండిరి. 1947-48 సంవత్సరములలో ఇరువదిరెండేండ్ల యువకుడొకడు అందు బంధింపబడెను. అతనికి కలము లేదు, కాగితము లేదు. పండ్లు తోముకొనుటకిచ్చిన బొగ్గుముక్కతో అతడు గోడమీద పద్యములు వ్రాసెనని చెప్పుదురు. ఆతడే దాశరథి కృష్ణమాచార్యులు. ఆయన పద్యములను మన విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చదివియే యున్నారు. అందు మిక్కిలి ప్రసిద్ధములైనవి తమ యూరి గుట్టమీదనే పుట్టినవని యెరిగినవారు మాత్రము కొందరే. అందుచేత ఆ మహాకవి జీవితమును ఈ సంచికయందు సంగ్రహముగా తెలుప నెంచితిమి.

దాశరథి 1925వ సంవత్సరము జూలై 22వ తేదీన చిన్నగూడూరు గ్రామమున జన్మించెను. ఆ గ్రామము అప్పుడు వరంగల్లు జిల్లాలో నుండెను. నేడు మహబూబాబాదు జిల్లాలో చేరియున్నది. తండ్రి వెంకటాచార్యులు, తల్లి వెంకటమ్మ. తమ్ముడు రంగాచార్యులు తరువాతికాలమున పేరుపొందిన నవలాకారుడయ్యెను. కృష్ణమాచార్యులకు సంస్కృతము చిన్ననాడే అలవడెను. పద్యమల్లుటయు బాల్యమునుండియే పట్టువడెను. ఖమ్మము ప్రభుత్వోన్నత పాఠశాలలో మెట్రిక్యులేషను ముగించెను. పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి ఆంగ్ల సాహిత్యమున బి.ఏ. పట్టమును పొందెను. ఇట్లు సంస్కృతము, తెలుగు, ఉర్దూ, ఆంగ్లము అను నాలుగు భాషల నీటిని త్రాగి ఆయన బుద్ధి పెరిగెను.

ఆ కాలపు హైదరాబాదు సంస్థానము ఎట్లుండెనో తెలిసినగాని ఈ కథ బోధపడదు. సంస్థాన ప్రజలలో సుమారు సగముమంది తెలుగువారు. అయినను కచేరీలందును, ఉన్నత పాఠశాలలందును ఉర్దూ భాషయే రాజ్యమేలుచుండెను. 1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదులోని వివేకవర్ధని పాఠశాలలో జరిగిన సభయందు అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడగా సభ్యులు గేలిచేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. అదియే పెరిగి ఆంధ్రమహాసభ యయ్యెను. 1930లో జోగిపేటలో మొదటి సభయు, 1937లో మన నిజామాబాదులోనే ఆరవ సభయు జరిగినవి. మాతృభాషలో చదువుకొనవలెనను కోరిక క్రమముగా స్వపరిపాలన కావలెనను కోరికగా మారెను. యువకుడగు దాశరథి మొదట కమ్యూనిస్టు పక్షమున చేరెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ పక్షమువారి వైఖరి నచ్చక దానిని విడిచెను. అయినను ప్రజలను మేల్కొల్పు పనిని విడువలేదు.

నిజాము ప్రభువు మేలు చేయనేలేదని మేమనము. మంజీరానదికి అడ్డముగా 1923 మొదలు 1931 వరకు కట్టబడిన నిజాంసాగరము మన జిల్లాను పచ్చగా చేసినది. ఆ నీటివలననే బోధను ప్రాంతమున చెరకు విస్తారముగా పండెను. 1937లో శక్కరునగరున చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఆ కర్మాగారము 2015వ సంవత్సరము డిసెంబరున మూతపడినను, దానివలన బ్రదికిన కుటుంబములు మన పాఠశాలకు ఎందరో బిడ్డలను పంపినవి. కాలువలు త్రవ్వించిన ప్రభుత్వమే ప్రజల నోళ్లు కట్టించినది. కడుపునకు కూడును, నోటికి మాటయు రెండును మనుష్యునకు కావలసినవే. ఒకటి యిచ్చితిమి గనుక రెండవది యడుగవలదనుట న్యాయము కాదు. దాశరథి యడిగినది ఆ రెండవదియే.

1947వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన భారతదేశము స్వతంత్రమయ్యెను. నిజాము మాత్రము ఇండియన్ యూనియన్‌లో చేరక, తన సంస్థానము వేరుగనే యుండునని ప్రకటించెను. కాశిం రజ్వీ నాయకత్వమున రజాకారులను దళములు గ్రామములపై బడి దోపిడులు, గృహదహనములు, హత్యలు సాగించినవి. వారి దౌర్జన్యమునకు గురియైనవారు హిందువులు మాత్రమే కారు. ఇండియన్ యూనియన్‌లో చేరవలెనని వ్రాసిన ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టు మాసమున హైదరాబాదు నడివీధిలో చంపిరి. అట్టి దినములలో గ్రామగ్రామము తిరిగి పద్యములు చదువుచు ప్రజలకు ధైర్యము చెప్పిన దాశరథిని ప్రభుత్వము బంధించి, మొదట వరంగల్లు చెరసాలలోను, పిమ్మట నిజామాబాదు కోటలోను ఉంచెను.

చెరసాలలో ఖైదీకి కరవైనది తిండి యొక్కటియే కాదు. రేపేమగునో తెలియదు, వెలుపలి వార్త లోపలికి రాదు, తన మాట వెలుపలికి పోదు. సంస్థానము 1948 సెప్టెంబరులో విముక్తి పొందునని నేడు మనకు తెలియును; బొగ్గు పట్టిన నాడు ఆ యువకునకు తెలియదు. విడుదల యెన్నడో, అసలు బ్రదికి వెలుపలికి పోవుటయే కలుగునో లేదో యతడెరుగడు. ఆ స్థితిలో అతడు గోడమీద రెండు విషయములు వ్రాసెను. ఒకటి, ప్రజలను పీడించు ప్రభువును ముఖాముఖిగా నిలదీసి, నీవంటి రాజు మాకెన్నడును లేడని చెప్పుట. రెండవది, తన తెలంగాణమును రత్నములు పొదిగిన వీణగా భావించి కొనియాడుట. చుట్టును చీకటిగోడలుండగా తన నేలను అంత వెలుగుగా చూడగలుగుట అల్పవిషయము కాదు. బాధను మరచుటచేత గాక, బాధకంటె గొప్పదానిని తలచుటచేతనే ఆ యాశ నిలిచినది. కావలివారు ఆ వ్రాతలను తుడిపివేసిరనియు, అతడు మరల వ్రాసెననియు ఈ ప్రాంతమున చెప్పుకొందురు.

గోడమీది వ్రాత తుడిచిన పోవును. ఆ పద్యములు పోలేదు. దానికి కారణము మరియొక ఖైదీ. ఆయన పేరు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో పుట్టి, పేదరికమువలన పెద్దచదువులు చదువలేక, ఇతరుల యిండ్లలో పనులు చేయుచు చదువు నేర్చిన స్వయంకృషీవలుడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, చౌకవెలకు పుస్తకములచ్చు వేసి, ఊరూరు తిరిగి తానే అమ్మినవాడు. కోటలో దాశరథితో కూడ నుండి, ఆ పద్యములను వినుచు కంఠస్థము చేసెనని చెప్పుదురు. కావలివాని చేయి గోడను తుడువగలదు గాని నేస్తుని మనస్సును తుడువలేదు గదా! తరువాత దాశరథి తన మొదటి కావ్యమగు అగ్నిధారను ఆళ్వారుస్వామికే అంకితమొసగెను. మన విద్యార్థులు కవిని మాత్రమే గాక, కవి మాటను కాపాడిన నేస్తునిగూడ జ్ఞాపకముంచుకొనవలెను.

ఇట్టి కథ యొకటి ఇంతకు ముందే ఐరోపా ఖండమున జరిగియుండెను. జర్మనీలో పుట్టిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్. నాజీల హింసకు వెరచి ఆమె కుటుంబము హాలెండు దేశపు ఆంస్టర్‌డాం నగరమున 1942 జూలై మొదలు 1944 ఆగస్టు వరకు ఒక వ్యాపారగృహపు వెనుకభాగమున దాగియుండెను. ఎనిమిదిమంది, పగలు అడుగుల చప్పుడైన కానీయక, రెండేండ్లకు పైగా అందు గడపిరి. పదుమూడవ జన్మదినమున దొరికిన పుస్తకమున ఆ బాలిక దినచర్య వ్రాసికొనెను. భయము, ఆకలి, పెద్దల కోపములు అన్నియు అందు కలవు. వానితోపాటు మనుష్యులపై నమ్మికయు కలదు. పట్టుబడిన పిమ్మట ఆమె 1945 ఆరంభమున బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరమున మరణించెను. ఆ కాగితములను మీప్ గీస్ అను స్త్రీ భద్రపరచి, ప్రాణముతో తిరిగివచ్చిన తండ్రి చేతికిచ్చెను. అవి 1947లో అచ్చుపడినవి; దాశరథి బొగ్గు పట్టినదియు ఇంచుమించుగా అప్పుడే.

ఇచట విద్యార్థులకు ఒక సందేహము కలుగవచ్చును. దాశరథి యాశ ఫలించినది. ఆ బాలిక యాశ ఫలింపలేదు. అట్లయిన ఆమె ఆశ వ్యర్థమేనా? కాదని మా యభిప్రాయము. రేపు మేలగునని జోస్యము చెప్పుట ఆశ కాదు. కీడు చుట్టుముట్టినపుడు మనముగూడ కీడుగా మారకుండ నిలుచుటయే ఆశ. ఆ పనిని ఆమె ఆశ నెరవేర్చినది. దాశరథి విషయమున దానిని మరింత స్పష్టముగా చూడగలము, ఏలయన ఆయనకు గెలుపు చూచు భాగ్యము కలిగినది. మనుష్యుని గుణము ఓటమియందువలెనే గెలుపునందును పరీక్షింపబడును.

1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యము సంస్థానమున ప్రవేశించెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. ప్రజలు సంతోషించిరి. అయితే ఆ సంతోషము వెంబడి ఒక దుఃఖమును కలదు. రజాకారుల పాపములకు ప్రతీకారమను పేర సంస్థానపు పడమటి జిల్లాలలో అనేకులు నిరపరాధులగు ముస్లిములు ప్రాణములు గోల్పోయిరి. దానిని విచారించుటకు పండిత సుందర్‌లాల్ మొదలగువారిని భారత ప్రభుత్వము పంపవలసి వచ్చెను. పగ పగనే కనును. పీడితుడు గెలిచిననాడు పీడకుడగుట లోకమున అరుదు కాదు.

దాశరథి ఆ త్రోవ త్రొక్కలేదు. 1949లో అగ్నిధార, 1950లో రుద్రవీణ, 1955లో మహాంధ్రోదయము ప్రచురించెను. ఆ పేర్లలో నిప్పు కలదు. కాని ఆ నిప్పు అన్యాయమును కాల్చుటకే గాని మనుష్యులను గాని, వారి భాషను గాని కాల్చుటకు కాదు. తన్ను బంధించిన ప్రభుత్వపు భాష ఉర్దూ. సామాన్యుడైన ఆ భాషను వినుటకే రోయును. దాశరథియో, ఆ భాషలోని మహాకవియగు మీర్జా గాలిబు కవిత్వమును ప్రేమతో తెనిగించి 1961లో గాలిబు గీతాలు అను పేర వెలువరించెను. చేదు మిగులవలసిన నోటినుండి తీపి వచ్చినది. బోధను చెరకు తెలిసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు: చెరకు గానుగలో నలిగినను ఇచ్చునది తీపియే.

చెరసాల విడిచిన పిమ్మట ఆయన ఉపాధ్యాయుడుగను, పంచాయతీ ఇన్‌స్పెక్టరుగను, ఆకాశవాణిలో ప్రయోక్తగను పనిచేసెను. 1961 మొదలు చలనచిత్రములకు పాటలు వ్రాసి సామాన్యజనులకును ప్రియుడయ్యెను. కవితాపుష్పకమునకు 1967లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమానమును, తిమిరంతో సమరము అను కావ్యమునకు 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును లభించినవి. చీకటితో పోరాటమని యర్థమిచ్చు ఆ పేరు ఆయన జీవితమునకే పేరనదగును. 1977 మొదలు 1983 వరకు ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవిగా నుండెను. ఒకనాడు ప్రభుత్వము గోడమీద తుడిపించిన కవిని మరియొకనాటి ప్రభుత్వము సింహాసనము ప్రక్కన కూర్చుండబెట్టినది. ఆయన 1987వ సంవత్సరము నవంబరు 5వ తేదీన మరణించెను. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట, 2015 నుండి ప్రభుత్వమువారు ఆయన జన్మదినమును ఉత్సవముగా జరుపుచు, ఆయన పేర కవులకు పురస్కారము నొసగుచున్నారు.

మన బాలబాలికలకు కాగితము కొరత లేదు, కలముల కొరత లేదు. మాతృభాషలో మాటాడినందులకు గేలిచేయు సభలును, పద్యము వ్రాసినందులకు సంకెలలు వేయు ప్రభుత్వమును నేడు లేవు. ఇవి యూరక దొరికినవి కావు. పరీక్ష తప్పినప్పుడో, ఇంటిలో కష్టము వచ్చినప్పుడో, తోటివారు ఎగతాళి చేసినప్పుడో, ఇక తెల్లవారదని తోచును. అప్పుడు ఒక మంచిమాట వ్రాసి పెట్టుకొనుడు. చెలికాడు కష్టములో నున్నచో అతని మంచిమాటను మీ మనస్సులో దాచియుంచుడు; రెండవ పని మొదటిదానికంటె తక్కువది కాదు. తమ్ము నొప్పించినవారిలోని మంచిని గుర్తించుటకును అలవాటు పడుడు. ఈ మూడును మన పట్టణపు గుట్టమీద బొగ్గు పట్టిన ఒక యువకుని జీవితమునుండి మనకు సంక్రమించిన యాస్తి.