మంచురేకుల బెంట్లీ

లంబసింగి వైపు చలికాలం పొద్దున్నే గడ్డి మీద తెల్లగా పేరుకునే మంచును మనలో కొందరు చూసే ఉంటారు. వేలితో తాకితే నీళ్లయిపోతుంది. చలి దేశాల్లో ఐతే ఆ మంచు ఆకాశం నుంచే రేకులు రేకులుగా రాలుతుంది. అలా రాలి కరిగిపోయేదాన్ని కరగకుండా దాచిన ఒక రైతుబిడ్డ కథ ఇది.

విల్సన్ బెంట్లీ 1865 ఫిబ్రవరి 9న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, జెరికో గ్రామంలో పుట్టాడు. వాళ్లది వ్యవసాయ కుటుంబం. తల్లి పెళ్లికి ముందు టీచరమ్మ. చాలా ఏళ్లు ఆమే ఇంట్లో చదువు చెప్పింది. అతనికి 15 ఏళ్లప్పుడు ఒక మైక్రోస్కోపు ఇచ్చింది. దాని కింద మంచురేకు పెట్టి చూశాడు. ఆరు కొమ్మలతో ఎంతో అందంగా ఉంది! బొమ్మ గీద్దామని కూర్చున్నాడు. సగం గీసేలోపే రేకు కరిగిపోయేది. ఎన్నిసార్లు గీసినా అంతే.

కెమెరా కావాలని అడిగాడు. తండ్రికి ఇదంతా పనికిమాలిన పిచ్చిగా తోచింది. ఐనా కొడుకు కోసం డబ్బు ఖర్చు పెట్టి కొనిచ్చాడు. దాన్ని మైక్రోస్కోపుకు బిగించి, ఫొటో తీయడం నేర్పేవాళ్లు లేక తనంతట తానే తంటాలు పడ్డాడు. ఎన్నో ఫొటోలు పాడయ్యాయి. చివరకు 1885 జనవరి 15న ఒక్క మంచురేకు ఫొటో చక్కగా వచ్చింది. అప్పటికి అతనికి ఇంకా 20 ఏళ్లు నిండలేదు.

పని ఎలా చేసేవాడో వినండి. ఇంటి వెనక ఉన్న చలి కొట్టులోనే పని. నల్ల పలక మీద రాలే రేకుల్ని పట్టేవాడు. మంచిదాన్ని సన్నటి పుల్లతో ఎత్తి గాజుబిళ్ల మీద పెట్టి, పక్షి ఈకతో మెల్లగా అదిమేవాడు. ఊపిరి తగిలితే కరిగిపోతుంది కాబట్టి ఊపిరి బిగబట్టేవాడు.

ఇంకో చిక్కు వచ్చింది. రేకూ తెలుపే, వెనకా తెలుపే. ఫొటోలో అంచు సరిగ్గా కనపడేది కాదు. అందుకని నెగటివ్‌కు నకలు తీసి, దాని మీద రేకు చుట్టూ ఉన్న మందు పూతను చిన్న చాకుతో గీకి తీసేసేవాడు. పూత పోయిన చోటు ప్రింటులో నల్లగా వస్తుంది. నలుపు మీద తెల్లరేకు చుక్కలా మెరుస్తుంది. ఒక్కోదానికి గంటల పని. చెయ్యి కాస్త జారితే కొమ్మ తెగినట్టే.

ఇక్కడే గొడవ వచ్చింది. జర్మనీ శాస్త్రవేత్త హెల్మాన్ దీన్ని తప్పుపట్టాడు. గీకడంలో రేకు అంచులే మారిపోతున్నాయన్నాడు. నిజం మంచురేకులు అంత తీరుగా ఉండవన్నాడు. ఫొటో ప్రకృతికి దగ్గరగా రావడానికి చేసే సవరణ తప్పు కాదని బెంట్లీ వాదించాడు. ఈ తగువులో ఇద్దరి వైపూ కొంత న్యాయం ఉంది. ఎక్కువ మంచురేకులు వంకరటింకరగానే ఉంటాయి. బెంట్లీ అందమైనవే ఏరుకునేవాడు. ఐతే ఆయన శ్రమ లేకపోతే ఆ అందం ప్రపంచానికి అంత త్వరగా తెలిసేది కాదు.

చూసిన రేకుల్లో ఏ రెండూ ఒకలా లేవని ఆయన రాశాడు. 5,000కు పైగా ఫొటోలు తీశాడు. వాటి నకళ్లను 5 సెంట్లకే అమ్మేవాడు. పిండి పళ్లెంలో వానచినుకులు పట్టి, కట్టిన ఉండల్ని బట్టి చినుకు సైజు కూడా కొలిచాడు. చివరి దాకా పొలం పని మానలేదు. పెళ్లి చేసుకోలేదు.

1931లో 2,400కు పైగా ఫొటోలతో ఆయన పుస్తకం అచ్చయింది. అదే ఏడు మంచు తుఫానులో నడిచి ఇంటికొచ్చి, న్యుమోనియాతో డిసెంబరు 23న కన్నుమూశాడు.

మిత్రులారా! బెంట్లీ దేశాలు తిరగలేదు. తన పెరట్లో రాలినదాన్నే శ్రద్ధగా చూశాడు. మన హాస్టల్ చుట్టూ కూడా ఆకులు, పురుగులు, పిట్టలు ఎన్నో ఉన్నాయి. చూసి, బొమ్మ గీసి తెండి. బాగా కనపడాలని దిద్దితే దిద్దండి గానీ, లేనిది మాత్రం కలపకండి!