సముద్రం అవతలి నుంచి వినిపించిన రాణి గొంతు

మే 5న నెదర్లాండ్స్‌లో విముక్తి దినం జరుపుకుంటారు. 1945లో ఆ రోజున వాఖెనింగెన్ అనే ఊళ్లో ఒక హోటల్లో కెనడా సేనాపతి చార్లెస్ ఫౌక్స్ జర్మన్ సేనాపతి బ్లాస్కోవిట్జ్‌ను ఎదుట కూర్చోబెట్టుకుని లొంగుబాటు షరతులు వినిపించాడు. అయిదేళ్ల ఆక్రమణకు అది ముగింపు. డచ్చివారంటే మనకు పులికాట్‌లోనూ భీమిలిలోనూ ఉన్న పాత సమాధులే గుర్తుకొస్తాయి. కానీ ఆ అయిదేళ్లూ వాళ్లే పరాయి పాలన కింద నలిగారు. అప్పుడు వాళ్ల రాణి విల్హెల్మినా.

ఆమె 1880 ఆగస్టు 31న హేగ్ నగరంలో పుట్టింది. పదేళ్ల వయసులో తండ్రి మూడో విల్లెం పోవడంతో రాణి అయింది. బాధ్యతలు తల్లి ఎమ్మా చూసుకుంది. 1898లో 18 ఏళ్లు నిండాక విల్హెల్మినా స్వయంగా ప్రమాణం చేసింది. పట్టుదల మనిషి, పొదుపరి, దైవభక్తి ఎక్కువ. మంత్రులకు ఆమెతో వేగడం కష్టంగానే ఉండేది. 1909లో ఒక్కగానొక్క కూతురు జూలియానా పుట్టింది.

1940 మే 10న జర్మన్ సైన్యం దేశంలోకి చొరబడింది. మూడు రోజులకు రాణి ఒక బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కింది. దేశంలోనే దక్షిణాన ఉన్న జీలాండ్ ప్రాంతానికి వెళ్లాలని ఆమె కోరిక. అది కుదరక ఓడ ఇంగ్లాండు చేరింది. రాణి మనల్ని వదిలి పారిపోయిందని చాలామంది మండిపడ్డారు. లండన్‌లో ఆమె ప్రధానమంత్రి డి హేర్ జర్మనీతో రాజీ పడదామనే ధోరణిలో ఉన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆయన్ను తప్పించి ఖెర్‌బ్రాండీని పెట్టింది. అరవై ఏళ్ల ఆవిడ తీసుకున్న ఆ నిర్ణయం లేకపోతే కథ వేరేగా ఉండేదని మా అభిప్రాయం.

జూలై 28న బీబీసీ సాయంతో రేడియో ఓరాన్యే మొదలైంది. రోజుకు పావుగంట డచ్చి భాషలో ప్రసారం. మొదటి రోజు మాట్లాడింది రాణే. యుద్ధకాలమంతా కలిపి 34 సార్లు మాట్లాడింది. వినడం నేరం. 1943లో రేడియో పెట్టెలే అప్పగించాలని జర్మన్లు ఆజ్ఞ జారీ చేశారు. అయినా అటకల మీద, నేలకింద దాచుకుని విన్నారు. రాత్రిపూట విజయవాడ కేంద్రం కోసం రేడియో ముల్లు తిప్పిన ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. దూరం నుంచి సొంత మాట చెవిన పడితే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. పారిపోయిందని తిట్టినవాళ్లే ఆ గొంతు కోసం ఎదురుచూశారు.

అయితే ఆ గొంతు అందరి గురించీ సమానంగా పలకలేదు. నెదర్లాండ్స్‌లోని దాదాపు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా నాజీల చేతిలో చనిపోయారు. ఆ 34 ప్రసంగాల్లో యూదుల ప్రస్తావన వచ్చింది ఏ మూడు సార్లో. అదీ క్లుప్తంగా.

1944-45 చలికాలంలో పశ్చిమ ప్రాంతాల్లో తిండిలేక సుమారు 20,000 మంది పోయారు. జనం తులిప్ గడ్డలు ఉడికించుకు తిన్నారు. అప్పటికే విముక్తమైన దక్షిణ కొసన, ఈడె అనే పల్లె దగ్గర, 1945 మార్చి 13న రాణి నడిచి స్వదేశంలో అడుగుపెట్టింది. సరిహద్దు ఎక్కడో తెలియడానికి రోడ్డు మీద తెల్లపిండితో గీత గీశారట. మన ఇంటిముందు ముగ్గు గీత లాంటిదే అనుకోండి.

మే 5 వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 17న ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. తమ విముక్తికి జెండాలు ఎగరేసిన దేశమే అక్కడికి సైన్యాన్ని పంపింది. విల్హెల్మినా యాభై ఏళ్లు ఆ దీవులకూ రాణి. ఒక్కసారీ అక్కడికి వెళ్లలేదు. ఈ సంగతి వదిలేసి ఆమె కథ చెప్పడం మాకు న్యాయం అనిపించలేదు.

యుద్ధం తర్వాత దేశం కొత్తగా ఉంటుందని ఆమె ఆశపడింది. పాత పార్టీలే తిరిగొచ్చాయి. అలసిపోయి 1948 సెప్టెంబరు 4న కూతురికి సింహాసనం అప్పగించింది. 1962 నవంబరు 28న హెట్ లో భవనంలో కన్నుమూసింది. ఆమె కోరిక మేరకు అంత్యక్రియలు నలుపుకు బదులు తెలుపులో జరిగాయి.

ఇప్పుడు మే 4 రాత్రి 8 గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంది. మర్నాడు పండుగ. 2020లో 75 ఏళ్లు నిండినప్పుడు కరోనా వల్ల ఆమ్‌స్టర్‌డామ్‌లోని డామ్ కూడలి ఖాళీగా ఉంది. ఆమె మునిమనవడు, రాజు విల్లెం అలెగ్జాండర్ అక్కడ నిలబడి, ఆ రోజుల్లో తోటి మనుషులకు మాటసాయమైనా సరిగా అందలేదని, లండన్ నుంచి తన ముత్తవ్వ కూడా అందించలేదని, ఆ ఆలోచన తనను వదలడం లేదని చెప్పాడు.