ప్రాచీన వర్ణముల రహస్యము – సర్ హంఫ్రీ డేవీ

రోము నగర శిథిల కుడ్యములపై దాదాపు రెండువేల యేండ్ల క్రిందట పూసిన నీలవర్ణము నేటికిని కాంతి తగ్గలేదు. ఆ రంగును ఆనాటి చిత్రకారు లెట్లు సిద్ధపరచిరి? ప్రాచీన గ్రంథములు పూర్తిగా తెలుపని యీ విషయమును రసాయనశాస్త్ర సహాయమున తెలిసికొన యత్నించిన మహనీయుడు సర్ హంఫ్రీ డేవీ.

ఆయన 1778 డిసెంబరు 17న ఇంగ్లండులోని పెన్‌జాన్సు పట్టణమున జన్మించెను. తండ్రి కొయ్యచెక్కడపు పనివాడు. 1794లో తండ్రి గతింపగా, మరుసటి యేట డేవీ యొక వైద్యునియొద్ద శిష్యుడుగా చేరి, మందులు నూరుచునే రసాయనశాస్త్రము నభ్యసించెను. 1807లో విద్యుత్తు సహాయమున పొటాషియము, సోడియములను, 1808లో కాల్షియము మున్నగువానిని వేరుచేసి జగద్విఖ్యాతుడయ్యెను.

1813లో ఇంగ్లండు, ఫ్రాన్సులు యుద్ధమున మునిగియున్నను, నెపోలియను అనుమతితో డేవీ ఐరోపా యాత్రకు బయలుదేరెను. యువకుడైన మైకేల్ ఫారడే సహాయకుడుగా వెంట నుండెను. రోములో ప్రాచీన కళావస్తువుల సంరక్షణభారము వహించిన శిల్పి కనోవా ఆయనకు తోడ్పడెను. టైటస్ స్నానశాలల శిథిలములలో దొరికిన మట్టిపాత్రలోని రంగులను, గోడలపై చిత్రములను, పాంపే నగరపు వర్ణములను డేవీ పరీక్షించెను.

ఇచట నొక ధర్మసంకటము కలదు. పరీక్షింపవలెనన్న రంగును గీకవలెను. గీకినచో చిత్రము చెడును. కావున డేవీ, లోపము కంటికి కానరాని చోటులనుండి రవ్వంత మాత్రమే గ్రహించెను. ఆ రవ్వంతనే ఆమ్లములతోను, అగ్నితోను శోధించి, ఎఱ్ఱరంగులలో ఇంగిలీకము, సీససిందూరము, జేగురు ఉన్నవనియు, నీలము రాగి, ఇసుక, క్షారములను కలిపి కరగించిన గాజువంటి పదార్థమనియు కనుగొనెను. అంతటితో తృప్తిచెందక 15 పాళ్ళు సోడా, 20 పాళ్ళు చెకుముకిరాతి పొడి, 3 పాళ్ళు రాగిరజను కలిపి రెండుగంటలు తీవ్రముగా కాల్చి, అట్టి నీలమునే తయారుచేసి చూపెను. ఈ పరిశోధన 1815లో రాయల్ సొసైటీ యెదుట చదువబడెను.

అయినను ఆ నీలమునకు సున్నము కూడ ఆవశ్యకమను సంగతి ఆయన గుర్తింపలేదు. 1889లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకే దానిని నిరూపించెను. సున్నములోని కాల్షియమును మొదట వేరుచేసినవాడే దానిని గమనింపకపోవుట విచిత్రము! మహాపండితుని పరిశోధనయైనను మరల పరీక్షింపదగినదే యని విద్యార్థులు దీనివలన గ్రహింపవలెను.

క్రీ.శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము కప్పివేసిన హెర్క్యులేనియమునందు, బొగ్గువలె నల్లబడిన పపైరసు గ్రంథపు చుట్టలు దొరికినవి. క్లోరిను వాయువు సోకినపుడు అక్షరములు స్ఫుటమగుటయు, వేడిచే పొరలు విడివడుటయు గమనించి, డేవీ 1819లో నేపుల్సునకు వెడలెను. కొన్నిటిని కొంతవరకు విప్పగలిగెను గాని, ఆశించిన ఫలము దక్కలేదు. 1820లో ఆ ప్రయత్నము విరమించెను. ఆ యేటనే రాయల్ సొసైటీ అధ్యక్షపదవి ఆయనను వరించెను. 1829 మే 29న జెనీవాలో, ఏబదియవయేట ఆయన పరమపదించెను.

బలవంతముగా విప్పిన చుట్టలనేకము ఛిన్నాభిన్నమైపోయినవి. విప్పక మిగిల్చినవాటిలో నొకదాని లోపలి పదమును, ఎక్స్‌కిరణముల చిత్రముల సహాయమున 2023లో చదువగలిగిరి. పూర్వుల సొత్తును ముట్టువాడు ముందు తరములవారికిని కొంత మిగుల్పవలెను. రవ్వంత రంగుతో తృప్తిపడిన డేవీ చూపిన మార్గమదియే.